పిడక కింద ఐదో అంకె

అత్తగారి ఫోన్ నంబరు గూడ్సు వ్యాగన్ మీద వేయకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నేను ఆ పిడకను బస్సులో ఒళ్లో పెట్టుకుని హైదరాబాదు దాకా మోసుకొచ్చేవాణ్ని కాదు.

మొదటి నుంచి చెప్తాను. నాకు బొమ్మ రైళ్ల పిచ్చి. పిల్లలు ఆడుకునేవి కావు, పెద్దవాళ్లు పాడైపోయేవి. అసలు రైలులో సరిగ్గా 87వ వంతు సైజులో అన్నీ కట్టాలి, దీన్ని హెచ్‌ఓ స్కేలంటారు. ఇది పట్టుకుందంటే కనిపించిన ప్రతిదాన్నీ 87తో భాగించడమో హెచ్చించడమో అలవాటైపోతుంది. మా ఆవిడ ఎత్తు 18 మిల్లీమీటర్లని ఒకరోజు పొద్దున్నే లెక్కకట్టి ఆవిడకే చెప్పాను, ఆ పూట నాకు టిఫిన్ రాలేదు. వచ్చి ఉంటే ఒక్కో ఇడ్లీ నా స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఏడు మీటర్ల వెడల్పు బండరాయిలా ఉండేది.

నేను కట్టాలనుకున్నది 1986లో బాపట్ల దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరి గేటు ముందు నుంచి పోయిన గూడ్సు బండి. ఇప్పుడు గూడ్సంటే ఒకే రకం వ్యాగన్లు యాభై ఎనిమిది వరసగా పోతాయి, చూస్తుంటే నిద్రొస్తుంది. అప్పట్లో గూడ్సంటే కలగూరగంప. నాలుగు చక్రాల మూత డబ్బాలు, పైన కప్పులేనివి, ఆయిలు ట్యాంకులు, చివర్లో గార్డుగారి బ్రేక్ వ్యాను. గేటు వేసి ఉంటే సైకిలు కడ్డీ మీద కూర్చుని ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాణ్ని, ముప్పై దాటాక ఎప్పుడూ తప్పేది, వెనక కూర్చున్న మా మామయ్య మొట్టేవాడు.

అందులోంచి నాలుగు చక్రాల మూత డబ్బా ఒకటి చేద్దామని మొదలెట్టాను. డల్లాస్‌లో ఉండే మా బావమరిది అక్కడి నలభై అడుగుల బాక్స్ కారు బొమ్మ ఒకటి తెచ్చిచ్చాడు, దానికి గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ పూసేస్తే మనదైపోతుందనుకున్నాను. కాలేదు. దాని కప్పు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడవడానికి ఒక బల్ల ఉంటుంది. గాలి బ్రేకులు రాకముందు అమెరికాలో మనుషులు పరిగెత్తే రైలు పైన నడుచుకుంటూ ఒక్కో వ్యాగన్ దగ్గర ఆగి బ్రేకు చక్రం తిప్పేవాళ్లట, ఆ అవసరం తీరిపోయాక కూడా బల్ల మాత్రం పోలేదు, 1966 నుంచి గానీ అది లేకుండా కొత్తవి రాలేదు. ఇంకోటి, దానికి మన పాత వ్యాగన్లకు ఉన్నట్టు చివర్లలో రెండేసి బఫర్లు, అంటే ఒకదానికొకటి గుద్దుకోకుండా ఆపే గుండ్రటి మొద్దులు, లేవు. రంగేసి నిలబెడితే పంచె కట్టుకున్న ఎన్నారై పెళ్లికొడుకులా ఉంది. అన్నీ ఉన్నాయి, ఎక్కడో తేడా.

అందుకని ప్లాస్టిక్ షీటు, పాత శుభలేఖలు కోసి నేనే ఒకటి చేశాను. మా పెద్దమామయ్య కూతురి శుభలేఖ మంచి మందం. ఇప్పటికీ ఆ వ్యాగన్ తలుపు జరిపి చూస్తే లోపల ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ అని ఉంటుంది.

ఒక చోట మాత్రం కళ్లు మూసుకున్నాను. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. బజార్లో దొరికే బొమ్మ పట్టాలు 16.5, అంటే విదేశాల్లోని 1435కి సరిపోయేవి. మన బండిని వాటి మీద నిలబెడితే అన్నయ్య తమ్ముడి చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. పట్టాల దగ్గరే కళ్లు మూసుకున్నవాణ్ని, నంబరు దగ్గర తెరవడం ఎందుకని, వ్యాగన్ల మీద పదకొండు అంకెలుంటాయని తెలుసు కాబట్టి, ఆ సమయానికి నోటికొచ్చిన పది అంకెలకు ఒక అంకె కలిపి తెల్ల రంగుతో వేసేశాను. ఆ పది అత్తగారి ఫోన్ నంబరు. పండక్కి ఎప్పుడొస్తున్నారో కనుక్కోమని మా ఆవిడ ఆరోజు పొద్దుటి నుంచి మూడుసార్లు చేయించింది మరి.

ఆ ఆదివారం మా బాబాయి వచ్చాడు. బాబాయి రైల్వేలో నంబర్ టేకరు చేసి రిటైరయ్యాడు. బండి యార్డులోకి రాగానే ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో పుస్తకం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ, రకమూ, ఏ జోనుదో, ఏం లోడు ఉందో రాసుకునే ఉద్యోగం. ఎండా వానా లేదు. ఆయన జీవితంలో మనుషుల మొహాల కంటే వ్యాగన్ల పక్కలు ఎక్కువ చూశాడు, పెళ్లిచూపుల్లో పిన్నిని కూడా పక్క నుంచే చూశాడని మా నాన్న అనేవాడు.

కళ్లజోడు పెట్టుకుని నా వ్యాగన్ పక్కకు వంగాడు.

“ఒరేయ్, ఇది ఏ సంవత్సరంలో తిరుగుతున్న బండిరా?”

“ఎనభై ఆరు బాబాయ్.”

“మరి పదకొండు అంకెలేంటి? ఇవి రెండు వేలు దాటాక గదరా వచ్చాయి. అంతకుముందు జోను పేరు, దాని పక్కన నంబరు. అంతే.”

నేను మాట్లాడలేదు. ఆయన ఆగలేదు.

“పోనీ కొత్త నంబరే అనుకుందాం. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం. తర్వాత రెండు ఏ జోనుదో. తర్వాత రెండు తయారైన సంవత్సరం. నీది 48 అంటోంది. 2048లో తయారయ్యే బండి ఎనభై ఆరులో మీ అమ్మమ్మ ఊరికి ఎలా వచ్చిందిరా?” అని, పేపరు అంచు మీద పెన్నుతో ఏవో కూడికలు చేసి, “చివరి అంకె కూడా తప్పే. అది ఊరికే వేసేది కాదు, ముందు పదింటి నుంచి లెక్క కట్టి తేల్చేది. రాసుకునేవాడు ఒక అంకె తప్పు రాస్తే దొరికిపోవడానికి పెట్టారు. నువ్వు దొరికిపోయావ్. అసలెవరిదిరా ఈ నంబరు?”

వంటింట్లోంచి అత్తగారు వచ్చి, వంగి చూసి, “నాదే అన్నయ్యగారూ” అన్నారు.

ఆ తర్వాత పది నిమిషాలు నేను రాయను. బాబాయి వెళ్తూ వెళ్తూ, “నిజం బండి చూసి నిజం నంబరు వేయి” అని మాత్రం చెప్పి వెళ్లాడు.

నిజం బండి ఎక్కడుంది? ఇప్పటి కప్పులేని బాక్స్‌ఎన్ వ్యాగన్ అయితే సుఖం, ఈ చివర తగిలించే కప్లర్ నుంచి ఆ చివర కప్లర్‌కి 10,713 మిల్లీమీటర్లని తెలిసిందే, భాగిస్తే 123, కత్తెర తీసుకుని కూర్చోవడమే. పాత నాలుగు చక్రాల డబ్బాలు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. పాత ఫొటోలు వెతికితే అందరూ ఇంజనునే తీశారు. ఎంత మంది తీశారో, ఎన్ని వైపుల నుంచి తీశారో, పొగ ఎంత బాగా వచ్చిందో! వెనక మొదటి వ్యాగన్ సగం కనిపించి ఫొటో అయిపోతుంది. పెళ్లి ఆల్బంలో వంటవాళ్ల లాగా, అందరికీ పెట్టిందేమో వాళ్లు, ఫొటోలో పడిందేమో మోచెయ్యి.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనే ఒక వ్యాగన్ డబ్బా ఉండాలి. చక్రాలు లేకుండా ఉత్త డబ్బాను ఎవరో ఎప్పుడో వేలంలో కొని పెరట్లో పెట్టుకున్నారు, గేదెల గడ్డి, దాణా వేసుకోవడానికి.

సంక్రాంతికి వెళ్లాను. ఉంది! రోడ్డు వైపు మాత్రం నీలం రంగు వేసి పైన ఒక పార్టీ గుర్తు, దాని మీద ఇంకో పార్టీ గుర్తు. వెనక వైపు ఎవరూ ముట్టుకోలేదు, ఎండకు వెలిసిన అసలు ఎర్రమట్టి రంగు, రివెట్లు, రేకు అతుకులు, అన్నీ అలాగే. నాకు కళ్లు చెమర్చాయి. గేదె నా వంక చూసింది.

ఇంటి పెద్దావిణ్ని అడిగి, టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. అక్కడే పొరపాటు జరిగింది. పల్లెటూళ్లో, రైలు కట్ట పక్కన, ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు టేపు పట్టుకుని కొలుస్తూ పుస్తకంలో రాసుకుంటున్నాడంటే అర్థం ఒక్కటే. ఆ దారిలో మూడో లైను పనులు వచ్చినప్పటి నుంచి వాళ్లకు టేపంటే భయం, ఆశ రెండూ ఉన్నాయి. పావుగంటలో పది మంది చేరారు. ఒకాయన పట్టాదారు పాసు పుస్తకం కూడా తెచ్చాడు.

“సెంటుకి ఎంతిస్తున్నారండీ?”

“నేను సర్వేకి రాలేదండీ. బొమ్మ రైలు చేసుకుంటున్నాను, దానికి కొలతలు.”

“బొమ్మ రైలా? ఎన్నేళ్లండీ బాబుకి?”

“నాకేనండీ.”

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత గొప్పగా రహస్యం దాచే ఆఫీసర్ని వాళ్లెప్పుడూ చూడలేదు. ఇంకో పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, గీత రెండు గజాలు అటు జరిపితే తన కొబ్బరి చెట్లు బతుకుతాయని, కాస్త చూడమని, ఒక గెల అరటికాయలు కారులో పెట్టించమంటారా అని అడిగాడు. కారు లేదు, బస్సులో వచ్చానంటే అనుమానం ఇంకా బలపడింది. ఈ గొడవలో వెనక్కి తిరిగేసరికి తలుపు కొలతలు రాసుకున్న కాగితం గేదె నోట్లో ఉంది. కప్పు కొలతలు మిగిలాయి, అవి దానికి నచ్చలేదు.

సరే, నంబరైనా దక్కించుకుందామని వెనక్కి వెళ్లి చెయ్యి తడిపి రేకు తుడిచాను. తెల్లగా పైకి తేలింది. ‘ఎస్‌సీ’, అంటే మన దక్షిణ మధ్య రైల్వే. పక్కనే ఒకటీ, రెండూ, మూడూ, నాలుగు అంకెలు. దాని కింద చిన్న అక్షరాల్లో ఓవర్‌హాల్ తేదీ, రిటర్న్ తేదీ. నాలుగో అంకె తర్వాత ఐదోది ఉండాల్సిన చోట ఒక పిడక.

గోడంతా పిడకలే లెండి. కానీ ఇది సరిగ్గా అక్కడ.

“అమ్మా, ఈ పిడక తీసుకోవచ్చా?”

“దానికేం భాగ్యం బాబూ, పండగ రోజులు గదా, ఎన్ని కావాలి? వంద కట్టించనా?”

“ఒక్కటే చాలు. ఇదే కావాలి.”

అంతే. జనం మొహాల్లో భయం పోయింది, జాలి వచ్చింది. పాసు పుస్తకాలు లోపలికి వెళ్లిపోయాయి. ఒక ముసలాయన నా భుజం తట్టి, ఎండలో తిరగకు నాయనా అన్నాడు.

పిడక లాగాను. దాంతో పాటు ఎండి పొట్టు లేచిన రంగు కూడా వచ్చేసింది. రేకు మీద ఉత్త తుప్పు, ఐదో అంకె మొత్తం పిడకకు అంటుకుని ఉంది, అదీ తిరగేసి, ముక్కలు ముక్కలుగా. అద్దంలో చూస్తే మూడనిపిస్తుంది, ఇంకాస్త వెలుగులో చూస్తే ఎనిమిది. ఫొటో తీసుకోలేదా అని అడక్కండి. తీశాను. ఫొటోలో పిడక పిడక లాగే ఉంది.

నిపుణుడు బాబాయే కాబట్టి పిడకను తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్క సీటతను ఒంగోలు దాటేలోగా రెండుసార్లు సీటు మారాడు... తప్పు, మేం వెళ్లేది హైదరాబాదు, ఒంగోలు ఎందుకొస్తుంది, గుంటూరు. (చూశారా, ఈ పిచ్చిలో పడ్డాక రాసింది రాసినట్టు వదిలేయలేం.) ఇంట్లో బాల్కనీ అల్మరాలో, రంగు డబ్బాల వెనక, భద్రంగా పెట్టాను. బాబాయికి మోకాళ్ల నొప్పులు, ఇవాళా రేపూ అంటూ రోజులు గడిచాయి.

ఒక పొద్దున పొగ వాసనకు మెలకువ వచ్చింది. వాచ్‌మన్ తలుపు కొడుతున్నాడు. బాల్కనీలో అత్తగారు తలంటుకుని, చిన్న కుంపటి ముందు కూర్చుని పాలు పొంగిస్తున్నారు. రథసప్తమి. చుట్టూ చిక్కుడాకులు.

“అల్లుడుగారూ, ఎంత మంచివారండీ మీరు! ఈ సిటీలో ఆవు పిడక ఎక్కడ దొరుకుతుందా అని బెంగ పెట్టుకున్నాను. చెప్పకుండా తెచ్చి దాచారు.”

అది గేదె పిడకని చెబుదామనుకున్నాను. చెప్పి ఏం లాభం? పరమాన్నం మాత్రం బాగా కుదిరింది.

ఆ సాయంత్రమే బాబాయి వచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన పరమాన్నం రెండోసారి వేయించుకుని, చిక్కుడాకు తుడుచుకుంటూ, “అంకె బాగుందిరా” అన్నాడు.

“ఇప్పుడెలా బాబాయ్?”

“రాత్రి రెండింటికి, జోరున వాన, లాంతరు ఆరిపోయింది, చివరి అంకె కనపళ్లేదు. మేమేం చేసేవాళ్లం అనుకున్నావ్?”

“ఏం చేసేవాళ్లు?”

“ఎనిమిది వేసేవాళ్లం. ఎనిమిదిలో మూడు కూడా ఉంటుంది.”

నేను సన్న కుంచె తీసి, ఊపిరి బిగపట్టి ఎనిమిది వేశాను. రాసుకొచ్చిన ఓవర్‌హాల్ తేదీ, రిటర్న్ తేదీ కూడా ఉన్నదున్నట్టు దించాను. భూతద్దంలో చూస్తే గానీ కనపడనంత చిన్నవి. బాబాయి భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. మొహం గంభీరంగా అయిపోయింది.

“ఏ సంవత్సరం అన్నావురా నీ బండి?”

“ఎనభై ఆరు.”

“రిటర్న్ తేదీ ఎనభై నాలుగు వేసుంది. అంటే ఎనభై నాలుగుకల్లా ఓవర్‌హాల్‌కి పోవాల్సిన బండి. రెండేళ్లు దాటిపోయింది. దీన్ని లోడ్ చేయకూడదు, బండిలో తగిలించకూడదు.”

మా అమ్మాయి పలక పక్కనున్న సుద్దముక్క తీసుకుని, నేనేదో అనేలోగా, వ్యాగన్ పక్కన అడ్డంగా ‘సిక్’ అని రాసేశాడు. రైల్వేలో పాడైన వ్యాగన్‌ను జబ్బు పడిందనే అంటారు. సుద్దముక్క లావు, వ్యాగన్ చిన్నది. ఐదో అంకె పూర్తిగా సుద్ద కింద పడిపోయింది.

“చెరపకు. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపుకి వెళ్లొచ్చి కొత్త తేదీ వేయించుకునే దాకా అలాగే ఉండాలి” అని చెప్పి బాబాయి చెప్పులేసుకున్నాడు.

ఇప్పుడది ఫ్రిజ్ మీద ఉంది, అదే మా ఇంటి సిక్ లైను. నిన్న అత్తగారు పాలు పెట్టడానికి వచ్చి, దాని వంక చూసి, నాకు వినపడేలాగానే అన్నారు: “నా నంబరు ఉన్నన్నాళ్లూ దానికి ఏ జబ్బూ లేదు.”