హెల్మెట్ వద్దన్నవాణ్ని ముందు కారణం అడగండి

‘పెట్టుకోమంటే పెట్టుకోరండీ, ఎన్నిసార్లని చెప్పాలి?’ ఫ్యాక్టరీలోనూ కన్‌స్ట్రక్షన్ సైట్‌లోనూ సూపర్‌వైజర్ల నోట రోజూ వినిపించే మాట ఇది. వాళ్ల విసుగు అర్థం చేసుకోదగిందే. అయితే ఆ విసుగులో నేరుగా మెమోకో జీతం కోతకో పోతే, సూపర్‌వైజర్ కనపడినంతసేపే హెల్మెట్ నెత్తిన ఉంటుంది, ఆయన అటు తిరగ్గానే పక్కన పడుతుంది. ముందు ‘ఎందుకు పెట్టుకోవట్లేదు?’ అని అడగాలి, అదీ గదమాయించకుండా.

అడిగితే చెప్తారు, చాలాసార్లు అందులో న్యాయమూ ఉంటుంది. గ్రైండింగ్ చేసేవాడి కళ్లద్దాలు చెమటకీ, మాస్కులోంచి పైకి తన్నే ఊపిరికీ ఆవిరి పట్టి మసకబారతాయి. చక్రం తిరుగుతుంటే ఎదురుగా ఏమీ కనపడకపోవడం కన్నా అద్దాలు నుదుటి మీదికి నెట్టేయడమే నయమని అతనికి అనిపిస్తుంది. ఆవిరి పట్టని కోటింగ్ ఉన్న అద్దాలు దొరుకుతాయి, తెప్పించాల్సింది యాజమాన్యం. ఎత్తు మీద పనిచేసేటప్పుడు ఒంటికి కట్టుకునే బెల్టుల హార్నెస్ మగవాళ్ల కొలతలకు చేసిందైతే ఆడవాళ్ల ఒంటి మీద వదులుగా వేలాడుతుంది, పడిపోయేటప్పుడు అది కాపాడుతుందన్న భరోసా లేదు. ఇక డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లౌజు వద్దన్నవాడు సరిగ్గానే అంటున్నాడు, తిరిగే బిట్టుకు గ్లౌజు చిక్కిందంటే చెయ్యి కూడా పోతుంది.

‘కాసేపేగా, ఏం కాదులే’ అనే మాట దగ్గర మాత్రం మేం రాజీపడం. 30 డెసిబెళ్ల శబ్దాన్ని తగ్గించే, చెవులను కప్పే ఇయర్‌మఫ్‌లను 8 గంటల షిఫ్టులో ఒక్క అరగంట తీసేస్తే, మొత్తమ్మీద దక్కే రక్షణ సుమారు 12 డెసిబెళ్లకు పడిపోతుంది, ఎందుకంటే ప్రతి 3 డెసిబెళ్లకు శబ్ద శక్తి రెట్టింపవుతుంది, దాంతో ఆ అరగంటలో చెవిలో పడే శబ్దమే మిగతా షిఫ్టంతటినీ మించిపోతుంది. ఇలా పోయిన వినికిడి మళ్లీ రాదు, రాయి కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులూ బాగుపడవు. అప్పటికప్పుడు నొప్పి తెలియదు కాబట్టే మనిషి నమ్మడు. గోడ మీద వంద పోస్టర్లు అంటించే బదులు అతని వినికిడి పరీక్ష రిపోర్టు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించండి.

అసలు ఈ రక్షణ సామగ్రి చివరి అడ్డుకట్ట మాత్రమే. రాయి కోసేచోట నీళ్లు చల్లి దుమ్ము అణచడం, మెషిన్‌కు గార్డు బిగించడం ముందు జరగాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడిక కూడా భద్రత ఖర్చు కార్మికుల మీద పడకూడదంటుంది, అదే సమయంలో వాళ్లు సహకరించాలనీ అంటుంది.

ఇవన్నీ చేశాక కూడా పెట్టుకోనంటే, ఆ క్షణమే పని ఆపించాలి. ఒకసారి నోటిమాటగా, రెండోసారి రాతపూర్వకంగా హెచ్చరించి, ఆ తర్వాత క్రమశిక్షణ చర్యకు వెనకాడకూడదు. ఇరవై ఏళ్ల సీనియర్‌కూ, లోపలికొచ్చే మేనేజర్‌కూ, సైట్ చూడ్డానికొచ్చిన యజమానికీ ఇదే రూలు. ఒక్కరికి మినహాయింపు ఇచ్చారా, మిగతావాళ్లకు చెప్పే నైతిక హక్కు పోయినట్టే. ఎంత పని అయితే అంత కూలి అని తొందరపెట్టి హార్నెస్ కొక్కెం తగిలించుకునే తీరిక కూడా లేకుండా చేసే కాంట్రాక్టర్‌నూ అదే వరసలో నిలబెట్టాలి.

ప్రమాదం జరిగాక రాసే విచారణ నివేదిక కూడా ‘కార్మికుడు హెల్మెట్ ధరించలేదు’ అన్న వాక్యంతో ముగియకూడదు. హెల్మెట్ ఇచ్చారా, అది అతనికి సరిపోయిందా, లేకుండా పనిచేస్తుంటే ఎవరు చూశారు, చూసి ఎందుకు ఊరుకున్నారు, ఇవన్నీ పేర్లతో సహా అందులో ఉండాలి.