ఏడాది పోతుందండీ!

విశాఖపట్నంలో పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులను హెచ్చరించవలసిన సమయం వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊళ్లోని చెట్లను వేళ్లతో సహా పెకలించినప్పుడు కూడా చదువులు ఆగింది కొద్ది రోజులే. ఇప్పుడు పొంచి ఉన్న ఉపద్రవం వాటిని పది నెలలు ఆపగలదు. తుపాను వస్తుంటే పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. దీనికి ఆ మర్యాద కూడా లేదు. బడి నోటీసు బోర్డు మీద రంగుల కాగితమై, దాని మీద నవ్వుతున్న నానా దేశాల పిల్లలై వస్తుంది. దీన్ని అంతర్జాతీయ విద్యార్థి మార్పిడి కార్యక్రమం అంటారు.

పదిహేను పదహారేళ్ల పిల్లలను ఒక విద్యా సంవత్సరం పాటు పరాయి దేశం పంపుతారు. అక్కడ ముక్కూ మొహం తెలియని కుటుంబంతో ఉండి, అక్కడి బడికి వెళ్లి, గడువు తీరగానే తిరిగి రావాలి. ర్యాంకు ఉండదు. బడి పట్టా ఇస్తుందన్న హామీ ఉండదు. ఆ ఇంటివాళ్లు నెల తిరిగేసరికి ఫీజు వసూలు చేస్తారా అంటే అదీ లేదు. మార్పిడి కార్యక్రమాలకిచ్చే జే-1 వీసా మీద అమెరికా వెళ్లిన హైస్కూలు విద్యార్థికి ఆశ్రయమిచ్చే కుటుంబం అందుకు డబ్బు పుచ్చుకోకూడదని అక్కడి నియమం. ఏ లాభమూ లేకుండా పరాయి పిల్లకు అన్నం పెట్టేవాళ్ల ఉద్దేశం ఏమై ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి.

దీని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఫ్రాన్సులో గాయపడిన సైనికులను అంబులెన్సుల్లో మోసుకెళ్లిన అమెరికన్ స్వచ్ఛంద డ్రైవర్లు ఏఎఫ్‌ఎస్ అనే సంస్థగా కూడారు. రెండో యుద్ధంలోనూ అదే పని చేశారు. యుద్ధం ముగిశాక ఎవరింటికి వారు వెళ్లి పడుకోవచ్చు కదా. పడుకోలేదు. వేర్వేరు దేశాల పిల్లలు ఒకరింట్లో ఒకరు ఉండి ఒకే బల్ల దగ్గర తింటే పెద్దయ్యాక కొట్టుకోరని వాళ్లకు తోచిందట; 1947 నుంచి హైస్కూలు పిల్లలను దేశాలు దాటించడం మొదలుపెట్టారు. తరవాత 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. గోడలు ఇంకాస్త ఎత్తు పెంచవలసిన ఆ సమయంలో ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సెనేటర్లు, అందులోనూ ఎదురెదురు పార్టీలవాళ్లు, చేతులు కలిపి 2002లో యస్ అనే విద్యార్థి మార్పిడి కార్యక్రమాన్ని నెలకొల్పారు. ఎంపికైన పిల్లలకు విమానం టికెట్టు, ఆరోగ్య బీమా, నెలనెలా చేతిఖర్చు అమెరికా ప్రభుత్వానివే. మన దేశం నుంచి కూడా పిల్లలు వెళ్లి వచ్చారు. రోటరీ క్లబ్బులు నడిపేది మరొకటి. అందులో ఏడాదికి ఒక కుటుంబం చాలదని రెండు మూడు కుటుంబాలు మారుస్తారు. పిల్లలు కోటు తొడుక్కుని దాని నిండా ఊరూరి బిళ్లలు గుచ్చుకుని తిరుగుతారు.

మన పిల్లల భవిష్యత్తును అంబులెన్సు డ్రైవర్లు, సెనేటర్లు నిర్ణయించడమేమిటి? ఆ పనికి మనకు కాలేజీ పీఆర్వోలు ఉన్నారు. పదో తరగతి పరీక్షల ఊసైనా లేకముందే ఫోను చేస్తారు, ఇంటికి వస్తారు, సోఫాలో కూర్చుని కాఫీ తాగి, పిల్ల ఐఐటీకి వెళ్తుందో ఎయిమ్స్‌కు వెళ్తుందో తల్లిదండ్రులకు తెలియజేస్తారు. పిల్లను పలకరించి కాలయాపన చేయరు.

ఇంత పకడ్బందీగా ఉన్న మా ఎంవీపీ కాలనీ అపార్టుమెంటులో, మూడో అంతస్తులోకి ఆ రంగుల కాగితం ఎలా దూరిందో తెలియదు. ఆ ఇంటి అమ్మాయి ఎవరికీ చెప్పకుండా మొదటి దశ దరఖాస్తు పంపింది, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ తరవాతి ఫారంలో తల్లిదండ్రులు కూడా ఒక ఉత్తరం రాయాలి: తమ పిల్ల ఎలాంటిది, ఆమెకు ఏమి ఇష్టం, దేనికి కోపం వస్తుంది, దిగులు పడితే ఏమి చేస్తుంది. రేపు ఆమెను ఇంట్లో పెట్టుకోబోయే కుటుంబం కోసమట.

తండ్రి నిజాయితీగానే కూర్చున్నారు. ఆరో తరగతి నుంచి ఒలింపియాడ్ మార్కులు వరుసగా రాశారు. గణితంలో ఎక్కడ పొరపాట్లు చేస్తుందో రాశారు. అక్కడికి సగం పేజీ నిండింది. మిగతా సగం తెల్లగా ఉండిపోయింది. చివరికి గదిలోకి వెళ్లి, "నీకేమిటమ్మా ఇష్టం?" అని అడిగారు. కన్నతండ్రిని పదిహేనేళ్ల తరవాత ఇలాంటి ఇబ్బందిలోకి నెట్టే ఫారాలను ప్రభుత్వం వెంటనే నిషేధించాలి.

ఆదివారం కుటుంబ సభ జరిగింది. గాజువాక నుంచి బాబాయి, అనకాపల్లి నుంచి అమ్మమ్మ వచ్చారు. పొరుగువాడిగా, అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగా నన్నూ పిలిచారు.

"మొత్తం ఎంత కట్టాలి?" అని బాబాయి మొదలుపెట్టాడు.

"ఏమీ కట్టనక్కర్లేదు బాబాయ్. సెలెక్ట్ అయితే వాళ్లే పెట్టుకుంటారు."

సభ కాసేపు మూగబోయింది. "ఫీజు లేదంటే ఆలోచించవలసిందే అన్నయ్యా," అన్నాడు బాబాయి. మూడు లక్షలు అన్నా, అందులో ఇరవై వేలు తగ్గిస్తామన్నా ఆయన ఇంత కంగారు పడేవాడు కాదు. ఉచితంగా వచ్చే చదువులో చదువు ఎంత ఉంటుందని ఆయన ప్రశ్న.

"ఏ ఊరట?" అన్నారు తండ్రి.

"అది వాళ్లే చెప్తారు నాన్నా. ఏ రాష్ట్రమైనా కావచ్చు, చిన్న ఊరైనా కావచ్చు."

"డల్లాస్ ఇవ్వమని రాయి. మీ మేనత్త వాళ్లు ఉన్నారు."

ఊరు, కుటుంబం మనం ఎంచుకునేవి కావని ఆమె వివరించింది. తెలుగువాళ్లు లేని ఊరు అమెరికాలో ఉంటుందన్న వార్త పెద్దలను బాగా కలవరపెట్టింది. పైగా అక్కడ అతిథిలా కూర్చోవడం కుదరదు. ఇంటి మనిషిలా గిన్నెలు కడగాలి, పక్క సర్దుకోవాలి. ఉద్యోగం చేయకూడదు గానీ అప్పుడప్పుడు పొరుగింటి పసిపిల్లలను చూసుకోవచ్చు, పెరట్లో గడ్డి కోయవచ్చు అని నియమాలు దయతో అనుమతిస్తున్నాయి. ఇంటర్ చదవబోయే పిల్ల చేత తిన్న కంచం కూడా ఎత్తించని నాగరికత మనది.

అమ్మమ్మ మాత్రం సభా మర్యాద పాటించలేదు. "పదహారేళ్లకు నన్నూ ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపారు. ఏడాది తరవాత తిరిగి పంపిస్తామని ఎవరూ అనలేదు. దీన్ని పంపిస్తామంటున్నారు కదా, వెళ్లి రానివ్వండి," అంది. పెద్దావిడ ప్రయాణం బడలికలో ఉందని అందరూ గ్రహించి, ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, చర్చ కొనసాగించారు.

అసలు చిక్కు వీసా దగ్గర వచ్చింది. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జే-1 వీసా మీద వెళ్లినవాళ్లు తిరిగి వచ్చి స్వదేశంలో రెండేళ్లు ఉంటే తప్ప హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డు గానీ ఇవ్వరు. ఈ మాట వినగానే బాబాయి లేచి నిలబడ్డాడు. అమ్మాయి శాంతంగా వేళ్లు మడిచి లెక్క చెప్పింది: వచ్చాక ఇంటర్ ఉంది, ఆపైన నాలుగేళ్ల బీటెక్ ఉంది, ఆ రెండేళ్లు ఎప్పుడో తీరిపోతాయి. లెక్క సరైనదే. పెద్దల సభలో సరైన లెక్క చెప్పడం ఎప్పుడూ కలిసిరాదు.

తీర్పు తండ్రి ఇచ్చారు. "ఏడాది పోతుందమ్మా."

ఈ తీర్పును నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. అమెరికా వద్దని ఎవరన్నారు? వెళ్లాలి. దానికొక వయసుంది, ఒక పద్ధతుంది. ఇరవై రెండేళ్లకు ఎమ్మెస్‌కు వెళ్లాలి. ఆనందపురం దగ్గరి స్థలం అమ్మి, చాలకపోతే బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లాలి. వెళ్లాక నలుగురు తెలుగువాళ్లతో ఒక గదిలో ఉండి, అమెరికన్ ఇంటి వంటగది ఎలా ఉంటుందో చూడకుండానే డిగ్రీ పుచ్చుకోవాలి. అంతేగానీ పదహారేళ్లకు పైసా ఖర్చు లేకుండా వెళ్లి అక్కడివాళ్లను ముందే చూసేస్తే, ఆనందపురం స్థలం ఏమి కావాలి?

ఏడాది పోవడమంటే ఏమిటో కార్యక్రమాలు నడిపేవాళ్లకు తెలియదు. వెళ్లొచ్చిన పిల్ల మళ్లీ ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరాలి. పదో తరగతి ఎప్పుడు అయిందో, ఇప్పుడు చేరుతున్నది ఎప్పుడో చూసి, మధ్యలో ఏమి చేశావని అడుగుతారు. నోటరీ దగ్గర గ్యాప్ సర్టిఫికెట్ రాయించాలి. ఒక కొత్త దేశంలో బతకడం నేర్చుకుని, పరాయి అమ్మను అమ్మా అని పిలిచి, మంచు తవ్వి వచ్చిన పది నెలలు ఆ స్టాంపు కాగితం మీద 'ఖాళీ' అని నమోదవుతాయి. అంతటితో అయిపోలేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ కన్వీనరు కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు స్థానిక ప్రాంతంలో చదివినవాళ్లే ఆ లెక్కన స్థానికులు. వరుస తెగితే ఏడేళ్ల చదువు లెక్క తీసి, ఏ ఏడాది ఎక్కడ చదివారో కాగితాలు చూపించాలి. ఆంధ్రా యూనివర్సిటీ స్థానిక ప్రాంతం శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా విశాలంగా పరుచుకుని ఉంది. అందులో అమెరికాలోని నెబ్రాస్కా లేదు.

మార్పిడి అన్నాక వాళ్ల పిల్లలు కూడా ఇటు రావాలి కదా అని కొందరు న్యాయం మాట్లాడతారు. రావచ్చు. జర్మనీ నుంచి ఒక కుర్రవాడు మన ఊరు వచ్చాడనుకుందాం. మొదటి వారంలోనే భీమిలి వెళ్లి డచ్చివాళ్ల సమాధుల మీది రాతలు చదువుతాడు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కి దిగుతాడు. ఉప్మా తింటాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, మన పిల్లవాడిని వాటి గురించి అడుగుతాడు. మన పిల్లవాడు ఏమి చెప్పాలి? సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో హాస్టల్లో ఉంటూ, దాన్ని అవుటింగ్ రోజున మాత్రమే చూసే పిల్లలు మనవాళ్లు. విదేశీయుడి ముందు పరువు పోకుండా ఉండాలంటే అతన్ని కూడా అదే హాస్టల్లో చేర్చడం మేలు. తెల్లవారక ముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెడితే, రాత్రి పదింటికి అతనికి భారతదేశం గురించి ఏ సందేహమూ మిగలదు.

నిజానికి ఈ విదేశీ కార్యక్రమాల్లో మంచిదేదైనా ఉంటే అది మనం ఎప్పుడో అమలు చేశాం. వెళ్లిన పిల్లలు ఇంటికి మాటిమాటికీ ఫోను చేయకపోతే కొత్త చోట త్వరగా కుదురుకుంటారని అక్కడివాళ్లు సలహా ఇస్తారట. మన హాస్టళ్లలో ఆదివారం ఫోను దగ్గర వరుసలో నిలబడి మూడు నిమిషాలు మాట్లాడే పద్ధతి అంతకన్నా శాస్త్రీయం. ఇంటికి దూరంగా ఉండడం, తెలియనివాళ్ల మధ్య బతకడం, రుచి తెలియని తిండి తినడం అన్నీ మన హాస్టళ్లూ సాధించాయి. పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒక్కటే తేడా: అక్కడ పిల్లను పెట్టుకునే ఇంటిని ముందే వచ్చి చూస్తారు, ఇంటివాళ్ల మీద నేర చరిత్ర ఉందేమో విచారిస్తారు, పిల్ల ఎలా ఉందో నెలనెలా ఒకరు కనుక్కుంటారు. ఇంత చాదస్తానికి మనకు తీరిక లేదు.

అయినా మూడో అంతస్తు కుటుంబాన్ని లోకజ్ఞానం లేనివాళ్లుగా ఎవరూ అనుకోకూడదు. అమ్మాయి ఎంపీసీలో చేరింది. దసరా సెలవుల్లో ఒక విద్యాయాత్రా సంస్థ నాసా పర్యటన ప్రకటించింది: పది రోజులు, ఫ్లోరిడాలో కెన్నెడీ అంతరిక్ష కేంద్రం, చివర సర్టిఫికెట్. డబ్బు లక్షల్లో ఉంది కాబట్టి బాబాయికి వెంటనే నమ్మకం కుదిరింది. క్లాసులు పోవు కాబట్టి తండ్రి సంతకం పెట్టారు. రాకెట్ల పక్కన నిలబడి దిగిన ఫొటో ఇప్పుడు మా లిఫ్టు పక్కన బోర్డు మీద ఉంది. కార్యదర్శిగా నేనే అంటించాను.

అమ్మమ్మ అనకాపల్లి నుంచి ఫోను చేసి వివరాలు అడిగిందట.

"అక్కడ ఎవరింట్లో ఉన్నావే?"

"హోటల్లో అమ్మమ్మా."

"ఆ దేశం వాళ్లతో మాట్లాడావా?"

"బస్సు డ్రైవరుతో. మిగతా అందరూ మన విశాఖపట్నం వాళ్లే."

"మరి తిండి?"

"రోజూ ఇండియన్ హోటలే. మూడో రోజు నుంచి పెరుగన్నం కూడా పెట్టారు."