‘లుకేమియా తగ్గినా రెండో క్యాన్సర్ ఖాయం’: ఆ మెసేజ్‌లో ఏది తప్పు?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి వైద్యానికి వచ్చే తల్లిదండ్రుల ఫోన్లలో తిరుగుతున్న మాటలివి: లుకేమియా తగ్గిన పిల్లలకు 30 ఏళ్లలో రెండో క్యాన్సర్ ఖాయం, కీమో మాత్రలే కారణం, రక్తకణాల కౌంట్లు బాగుంటే మాత్రలు ఆపేయండి, ఏటా పెట్ స్కాన్ తీయించండి.

‘ఖాయం’ అన్నది అబద్ధం. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రి 1962–1998 మధ్య వైద్యం చేసిన 2,169 మంది ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకం) పిల్లల లెక్కను 2007లో ప్రచురించింది. లుకేమియా తగ్గాక 30 ఏళ్లలో కొత్త కణితి వచ్చినవాళ్లు 11 శాతం లోపే. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా, చర్మంపై వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్‌లను లెక్కలోంచి తీసేస్తే 6 శాతం పైచిలుకు.

ఆ కణితుల్లో మెదడువాటికి ప్రధాన కారణం తలకిచ్చిన రేడియేషన్. మెదడు కణజాలంలోనే పుట్టే గ్లయోమా కాస్త ముందే కనబడుతుంది, మెనింజియోమా ఇరవై ఏళ్లు దాటాక కూడా వస్తుంది. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ వాడిన ఎంసీపీ-841 అనే పాత చికిత్స పద్ధతిలో ఈ రేడియేషన్ ఉండేది. ఇప్పుడు చాలామందికి వెన్నులో మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లతోనే సరిపెడుతున్నారు. మందుల్లో ఎటోపొసైడ్ వల్ల ఏఎంఎల్ (మరో రకం లుకేమియా) వస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో వస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ వల్లయితే ఇంకా ఆలస్యంగా. రోజూ వేసే కీమో మాత్ర 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) కూడా పూర్తిగా నిర్దోషి అనలేం: ఆ మందును ఒంట్లో విరిచే టీపీఎంటీ ఎంజైమ్ తక్కువగా ఉండి, తలకు రేడియేషన్ కూడా పడిన పిల్లల్లో మెదడు కణితులు ఎక్కువ కనిపించాయి. ఆ ఎంజైమ్ తక్కువైతే డాక్టర్లు డోసు తగ్గిస్తారు, మందు మాన్పించరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మూడో మాట, ‘కౌంట్లు బాగుంటే ఆపేయండి’. మెయింటెనెన్స్‌లో (చివర్లో నెలల తరబడి మాత్రలు వేసే దశలో) న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను కావాలనే 500–1,500 మధ్య ఉంచుతారు. అవి ‘బాగా’ పైకి ఎగబాకి అక్కడే ఉంటే మాత్ర చాలడం లేదనో, ఇంట్లో తప్పిపోతోందనో అర్థం. నూటికి అయిదు డోసుల కన్నా ఎక్కువ తప్పిన పిల్లల్లో పాత లుకేమియా తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లు దాటినట్టు తేలింది. ఎప్పుడో రావచ్చో రాకపోవచ్చో తెలియని దానికి భయపడి, రేపో మాపో తిరగబెట్టేదానికి తలుపు తీయడమే ఇది. ఇంకో జాగ్రత్త: 6-ఎంపీ రోజూ, మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

పెట్ స్కాన్ అక్కర్లేదు, అదీ రేడియేషనే. ఏటా ఒకసారి డాక్టర్ మెడ తడిమి థైరాయిడ్, తలకు రేడియేషన్ పడిన చోట చర్మం చూడాలి. ఉదయం వాంతులతో తలనొప్పి, కొత్తగా ఫిట్స్ వస్తే ఎంఆర్ఐ. కారణం లేకుండా కమిలిన మచ్చలు, పాలిపోవడం ఉంటే సీబీసీ రక్తపరీక్ష. ఛాతీకి గానీ, మూలుగ మార్పిడికి ముందు ఒళ్లంతా గానీ రేడియేషన్ పడిన ఆడపిల్లలకు 25వ ఏటా, లేదా రేడియేషన్ అయిన 8 ఏళ్లకా, ఏది ఆలస్యమైతే అప్పటినుంచి రొమ్ము పరీక్షలు.

వైద్యం ముగిసిన రోజునే ఆస్పత్రి నుంచి రాతపూర్వక సారాంశం అడగండి: ఏ మందు మొత్తం ఎంత, రేడియేషన్ ఎక్కడ, ఎన్ని గ్రే (రేడియేషన్ కొలత).