గోడ దూకుడికి గిట్టుబాటు ధర

మా బాబాయ్ ముప్పై ఏళ్ళు బాపట్ల దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. కిందటి నవంబరులో డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు టీవీలో ఎస్‌ఎంయూ అనే విశ్వవిద్యాలయం వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల కూటమి. వ్యాఖ్యాత నోట అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) అన్న మాట వినబడగానే ఆయన తింటున్న జంతిక పక్కన పెట్టాడు.

"ఒరేయ్, ఈ ఎస్‌ఎంయూ ఎక్కడుందిరా?"

"ఇక్కడే బాబాయ్, మన డాలస్‌లోనే."

"డాలస్‌కి అట్లాంటిక్ ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా ఇందులోనే ఉన్నాయి."

"అవి పసిఫిక్ ఒడ్డున కదరా ఉండాల్సింది!"

"ఊళ్ళు అక్కడే ఉన్నాయి బాబాయ్. జట్లు మాత్రం ఇటొచ్చాయి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పటం మీద బెత్తంతో సముద్రాలు చూపించి, తప్పు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. వాళ్ళందరికీ ఒక్కసారిగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చినవాడిలా కూర్చున్నాడు. బిగ్ టెన్ అనే కూటమిలో 18 జట్లున్నాయనీ, బిగ్ 12లో 16 ఉన్నాయనీ, పాక్-12 అనేది రెండేళ్ళపాటు రెండే రెండు జట్లతో నడిచిందనీ నేను చెప్పలేదు. పెద్దవాడు, బీపీ ఉంది.

కాసేపటికి తేరుకుని, "అర్థమైందిలే. మన ఎమ్మెల్యేలు కండువాలు మార్చుకున్నట్టే" అన్నాడు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంది. ఈ వ్యాసం ఆ అపవాదును ఖండించడానికే. మనవాళ్ళు గోడ దూకితే దూకినందుకు వాళ్ళకే ఏదో ముట్టిందని ఊరంతా గుసగుసలాడుతుంది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చుకున్నా ఆ గుసగుస ఆగలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలు అలాంటివి కావు. దూకే ముందు గోడకు కట్టాల్సిన డబ్బు కట్టి, రసీదు తీసుకుని, అప్పుడు దూకుతాయి. ఆ రుసుము పేరు ఎగ్జిట్ ఫీజు. కూటమిలో చేరేనాడే, "నేను నిన్ను వదిలి పోయేటప్పుడు ఇంత ఇచ్చుకుంటాను" అని రాసిస్తారు. పెళ్ళిపీటల మీదే విడాకుల ఖర్చు తేల్చుకునేంత ముందుచూపు మన పంతుళ్ళకు ఎప్పుడైనా తట్టిందా?

ఈ కట్టుబాటుకు అందరికన్నా గొప్ప ఉదాహరణ ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ అనే విశ్వవిద్యాలయం. 2010 నవంబరులో బిగ్ ఈస్ట్ అనే కూటమిలో చేరతామని మాటిచ్చింది. 2011 అక్టోబరులో, అక్కడ ఒక్క ఆటైనా ఆడకుండానే, బిగ్ 12 పిలిస్తే అటు వెళ్ళిపోయింది. కాపురానికి రాని కోడలు కదా అని ఊరుకోలేదు. 50 లక్షల డాలర్ల ఎగ్జిట్ ఫీజు పడింది. గడప తొక్కకుండానే గడప దాటినందుకు జరిమానా చెల్లించిన చరిత్ర ప్రపంచంలో ఇంకెవరికైనా ఉంటే నాకు చెప్పండి, వాళ్ళకూ సన్మానం చేద్దాం.

బేరాలు కూడా ఉంటాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 2014లో ఏసీసీని వదిలి బిగ్ టెన్‌కు పోతుంటే ఏసీసీ అడిగింది 5 కోట్ల 20 లక్షల డాలర్లు. కోర్టుల చుట్టూ తిరిగి చివరికి 3 కోట్ల 14 లక్షల దగ్గర తెగ్గొట్టారు. టెక్సాస్, ఒక్లహామా విశ్వవిద్యాలయాలు 2021లో బిగ్ 12ను విడిచి ఎస్‌ఈసీ అనే ఇంకో కూటమికి పోతామని ప్రకటించాయి. ఒప్పందం గడువు 2025 దాకా ఉంది. అన్నాళ్ళు ఆగలేక, ఒక్క ఏడాది ముందుగా వెళ్ళడానికి రెండూ కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకున్నాయి. తత్కాల్ టికెట్టు ఖరీదెక్కువ అని మనం రైల్వే వాళ్ళను ఆడిపోసుకుంటాం.

ఎగ్జిట్ ఫీజు ఒక్కటే అయితే డబ్బున్న ప్రతివాడూ పోతాడు కాబట్టి దానికి తోడు గ్రాంట్ ఆఫ్ రైట్స్ అని ఇంకో కాగితం రాయించుకుంటారు. నీ మైదానంలో ఆడే ఆటల టీవీ హక్కులన్నీ ఇన్నేళ్ళపాటు కూటమివే. నువ్వు వెళ్ళిపోయినా హక్కులు ఇక్కడే ఉంటాయి. పుట్టింటికి పోతే పో, నీ జీతం మాత్రం మాకే వస్తుంది అన్నమాట. ఏసీసీ ఈ కాగితాన్ని 2036 దాకా రాయించుకుంది. రాసిచ్చిన ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం 2023 డిసెంబరులో లెక్కేసుకుని, బయటపడాలంటే 57 కోట్ల 20 లక్షల డాలర్లవుతుందని తెలుసుకుని, తాను సంతకం పెట్టిన కాగితం మీద తానే దావా వేసింది. నాలుగు నెలలు తిరక్కుండా క్లెమ్సన్ కూడా వేసింది. 2025 మార్చిలో రాజీ కుదిరింది. ఇప్పుడక్కడ రేటు ఏడాదికేడాది తగ్గుతుంది. 2026లో పోతే 16 కోట్ల 50 లక్షలు, తరవాత ఏటా కోటీ 80 లక్షల చొప్పున తరుగు, 2030 దాటాక 7 కోట్ల 50 లక్షలు. మా ఇంట్లో పాత టొయోటా కూడా సరిగ్గా ఇలాగే విలువ కోల్పోతోంది. విశ్వాసాన్ని సెకండ్ హ్యాండ్ బండిలా లెక్కగట్టిన ఆ ప్లీడర్ల పటిమ ముందు మన కరణాలు బలాదూర్.

ఇన్ని కోట్లు పారేసి వెళ్ళేది ఎందుకంటే విద్యా ప్రమాణాలు కలిశాయని, సంస్కృతులు కలిశాయని ప్రకటనల్లో రాస్తారు. నేను నమ్ముతాను. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా కుదుర్చుకున్న టీవీ ఒప్పందం కూడా ఒక సంస్కృతే. దానికి పునాది పడింది 1984లో. అంతకుముందు ఏ జట్టు టీవీలో ఎన్నిసార్లు కనబడాలో కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏయే తేల్చేది. ఒక్లహామా విశ్వవిద్యాలయం పాలకమండలి వేసిన కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదని 7–2తో తీర్పిచ్చింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు బైరన్ వైట్, చదువుకునే రోజుల్లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. ఆట తెలిసినవాడి మాట చెల్లలేదు. ఆ రోజు నుంచి ఎవరి టీవీ వాళ్ళదే.

పాక్-12 కథ విని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళున్నారు. దాని మూలం 1915 నాటిది. 2022 జూన్ 30న లాస్ ఏంజలెస్ జట్లు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు పోతున్నామన్నాయి. ఏడాది తిరిగాక కొలరాడో జారుకుంది. 2023 ఆగస్టు 4 శుక్రవారం నాడు, ఆపిల్ స్ట్రీమింగ్ ఒప్పందం ఇంకా బల్ల మీద ఉండగానే, ఒక్క రోజులో అయిదు జట్లు పోయాయి. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు. యూటా, అరిజోనా, మన పిల్లలు ఎమ్మెస్‌కు వరస కట్టే అరిజోనా స్టేట్ బిగ్ 12కు. సెప్టెంబరు ఒకటిన స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్‌లో దూకాయి. మిగిలినవి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. పన్నెండు వాటాల ఉమ్మడి ఇంట్లో ఇద్దరు.

ఇక్కడ ఒక చిక్కుంది. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ ఒకే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బిడ్డలు. చిన్నది లేచిపోయి పెద్దింట్లో పడింది, పెద్దదాని బతుకు బజారున పడింది. పైనున్న పాలకమండలి సభ్యులు, రీజెంట్లు, పంచాయితీ పెట్టి, యూసీఎల్‌ఏ ఏటా కోటి డాలర్లు బర్క్‌లీకి ఇవ్వాలని తేల్చారు. అక్కడివాళ్ళు దీనికి మనోవర్తి అనే అర్థం వచ్చేలా ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మొగుడు మనోవర్తి ఇచ్చాడంటే విన్నాం గానీ, చెల్లెలు అక్కకు ఇవ్వడం కొత్త.

ఇక ఎస్‌ఎంయూ. బాబాయ్ బుర్ర తిప్పిన జట్టు. అట్లాంటిక్ కూటమిలో చేర్చుకుంటే చాలు, తొమ్మిదేళ్ళపాటు టీవీ డబ్బులో వాటా అక్కర్లేదని చెప్పి 2024లో చేరింది. ఇల్లరికం వెళ్ళి, తిండి కూడా మా ఇంటినుంచే తెచ్చుకుంటామన్నట్టు. ఆ లోటు పూడ్చడానికి దాతలు వారం తిరక్కుండా 10 కోట్ల డాలర్లు పోగేశారు. డాలస్‌లో చమురు డబ్బుందని ఊరికే అనరు. 1987లో ఇదే ఎస్‌ఎంయూకు ఎన్‌సీఏఏ అతి పెద్ద శిక్ష వేసి ఆ ఏడు ఫుట్‌బాలే ఆడనివ్వలేదు. నేరం, ఆటగాళ్ళకు చాటుగా డబ్బులివ్వడం. 2025 నుంచి విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్ళకు బాహాటంగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఎస్‌ఎంయూ చేసిన నేరమల్లా ముప్పై ఎనిమిదేళ్ళు ముందుగా పుట్టడం.

ఆటగాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2021 దాకా ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు కాలేజీ మారితే కొత్త చోట ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. నిలకడ అలవడాలని, చదువు చెడకూడదని పెద్దలు పెట్టిన నియమం. ఆ పెద్దలు కాన్ఫరెన్సు మారితే ఒక్క వారం కూడా కూర్చోనక్కర్లేదు. వాళ్ళకు నిలకడ పుట్టుకతోనే ఉంటుంది.

ప్రయాణాల గురించి కొందరు గుండెలు బాదుకుంటున్నారు. లాస్ ఏంజలెస్ నుంచి బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీ రట్గర్స్ దాకా దగ్గర దగ్గర 3,900 కిలోమీటర్లు. మన దేశం కొన నుంచి కొనకు 3,214. అంటే పొరుగు జట్టుతో ఆటకని బయల్దేరితే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాటి సముద్రంలో పడతాం. ఫుట్‌బాల్ వాళ్ళకు ఇది ఇబ్బంది కాదు. వారానికో ఆట, సొంతంగా మాట్లాడుకున్న విమానం. టీవీ డబ్బు తెచ్చేది వాళ్ళే కాబట్టి మర్యాదలూ వాళ్ళకే. వాలీబాల్ ఆడే అమ్మాయికి వారం మధ్యలో కూడా ఆటలుంటాయి. మూడు గంటలు తేడా ఉన్న ఊళ్ళో రాత్రి ఆడి, తెల్లవారుజామున విమానాశ్రయంలో బ్యాగు తలకింద పెట్టుకుని, మధ్యాహ్నం కెమిస్ట్రీ పరీక్ష రాయాలి. కూటమి మారేటప్పుడు ఆ అమ్మాయినెవరూ అడగలేదు, టీవీవాళ్ళు కోట్లు పెట్టింది ఆమె ఆట కోసమూ కాదు. బస్సులో మూడు గంటల్లో పోయే పాత ప్రత్యర్థి కాలేజీ ఇంకా అక్కడే ఉంది. దానితో ఆట మాత్రం లేదు.

ఉమ్మడి ఇంట్లో మిగిలిన ఇద్దరి మీద మీకు జాలి కలిగి ఉంటే కాస్త ఆగండి. ఆడటానికి జట్లు లేక వాళ్ళు పక్కింటి మౌంటెన్ వెస్ట్ కూటమిని బతిమాలారు. 2024లో దాని జట్లతో ఆటలు కుదుర్చుకోవడానికి కోటీ 40 లక్షల డాలర్లిచ్చారు. మా పిల్లల్ని లాక్కుపోతే తలకింత ఇవ్వాలి అన్న షరతు మీదా సంతకం పెట్టారు. మొదటి జట్టుకు కోటి, తరవాత ఒక్కోదానికి 5 లక్షలు ఎక్కువ. ఆ సీజన్ మొదలై నెల తిరక్కముందే మౌంటెన్ వెస్ట్ నుంచి అయిదు జట్లను తమ ఇంటికి తెచ్చుకున్నారు. లెక్క 5 కోట్ల 50 లక్షలైంది. అప్పుడు వాళ్ళకు ఆ షరతు అన్యాయమని, చట్టవిరుద్ధమని తోచి కోర్టుకెళ్ళారు. మొన్నటి దాకా వంటింట్లో ఏడ్చిన కోడలికి అత్తరికం రావడానికి ఏడాది చాలింది.

ఇదంతా బాబాయ్‌కి వారం రోజులపాటు విడతలు విడతలుగా చెప్పాను. తిరుగు ప్రయాణం ముందురోజు పెట్టె సర్దుకుంటూ అన్నాడు.

"మన బాపట్లకి సూర్యలంక తీరం తొమ్మిది కిలోమీటర్లే. నిజమైన సముద్రం. మన కాలేజీ కుర్రాళ్ళు కబడ్డీ కూడా బాగానే ఆడతారు. ఆ అట్లాంటిక్ వాళ్ళని అడిగి చూడు, చేరడానికి ఎంతో."

"చేరడానికి కాదు బాబాయ్, బయటికి పోవడానికే పెద్ద ఖర్చు."

ఆయన పెట్టె మూసి దాని మీద కూర్చున్నాడు, తాళం పడటానికి.

"అయితే ముందు అదే కనుక్కో."