జేబులో పట్టేదీ ఒక కెమెరాయేనా?

ఫోటోలు కొత్తగా నేర్చుకునేవాళ్లకు చిన్న డిజిటల్ కెమెరా పనికొస్తుందా రాదా అన్న విషయం మీద తిరుపతిలో ఇంతవరకూ ఒక్క రౌండ్ టేబుల్ సమావేశమూ జరగలేదు. లడ్డూ సైజు తగ్గిందా లేదా అని లీలామహల్ సర్కిల్ టీ అంగళ్ల దగ్గర గంటలకొద్దీ మాట్లాడుకునే మనం, ఇంత ముఖ్యమైన సంగతిని గాలికొదిలేశాం. మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడులోకొచ్చి, "ఫోటోగ్రఫీ నేర్చుకుంటా, చిన్న కెమెరా ఒకటి చాలు" అని ప్రకటించడంతో ఆ బాధ్యత మా ఇంటి మీద పడింది. వెంటనే ఒక మూల్యాంకన సంఘం వేశాం. చిన్నాయన అధ్యక్షుడు, మేనత్త సభ్యురాలు, నేను కార్యదర్శి. కెమెరా వాడబోయే పిల్లకు మాత్రం అందులో చోటివ్వలేదు. లబ్ధిదారుల్ని కమిటీల్లో కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర ఎప్పుడుంది గనక!

నిజానికి ఈ జేబు కెమెరాకు ఎప్పుడో నీళ్లొదిలేశాం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి, అందులో ముప్పాతికకు పైగా ఈ చిన్న రకమే. 2020కి అన్ని రకాలూ కలిపినా 90 లక్షలు దాటలేదు. ఫోన్ మింగేసింది. ఇప్పుడేమో ఫోన్ చేతిలో పెట్టుకుని పెరిగిన పిల్లలే, ఫోన్ ఫోటోలు మరీ నున్నగా ఉన్నాయని విసుక్కుని, అమ్మానాన్నల బీరువాల్లో పాత కెమెరాల కోసం దేవులాడుతున్నారు. మా బీరువాలోనూ ఒకటి దొరికింది. బ్యాటరీ ఉబ్బిపోయి మూత పడటం లేదు. అట్లా ఉబ్బినదాన్ని ఛార్జింగ్‌కు పెడితే ఇంటికే ఎసరు. అయినా ఛార్జర్ ఉంటే కదా పెట్టడానికి! కాబట్టి కొత్తదే కొనాలి, కొనేముందు పరీక్షించాలి. పరీక్ష కోసం పిల్ల తన స్నేహితురాలి దగ్గర ఒకటి అడిగి తెచ్చింది.

సంఘం అన్నిటికంటే ముందు చూసింది మర్యాద. కెమెరాతో ఫోటో ఎట్లా వస్తుందన్నది తర్వాతి మాట, మనిషికి ఎంత మర్యాద వస్తుందన్నదే అసలు ప్రశ్న. కల్యాణ మండపంలో మూరెడు లెన్సు తగిలించిన మనిషి "కొంచెం తల పక్కకి సామీ" అంటే అయ్యవారు మంత్రం మధ్యలో ఆపి మరీ తల తిప్పుతాడు. తలంబ్రాలు మళ్లీ పోయమంటే మళ్లీ పోస్తారు. మూడో ముడి దగ్గర ఆగమంటే పెళ్లికొడుకు చేతులు అట్లాగే ఆగిపోతాయి, పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కూడా మర్యాదగా పక్కన నిలబడి చూస్తుంది. పంక్తిలో మొదటి ఆకు ఆయనకే. అదే మండపంలో అరచేతిలో పట్టే కెమెరాతో ఒక పిల్ల నిలబడితే? "పాపా, పక్కకు జరుగు, ఫోటోగ్రాఫర్‌కు అడ్డం."

ఈ జాతిలో బాగా పేరు తెచ్చుకున్న సోనీ ఆర్‌ఎక్స్100, 2012లో వచ్చినప్పుడు బ్యాటరీ, కార్డు అన్నీ కలిపి తూస్తే 240 గ్రాములు. 240 గ్రాములకు వియ్యంకుడు జరుగుతాడా? శాస్త్రం ఈ విషయంలో మొదట్లో సరైన దారిలోనే ఉండింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ శాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా దాదాపు 3.6 కిలోలు. బొమ్మలో ఉన్నది మొత్తం పదివేల చుక్కలు, అదీ నలుపు తెలుపు, అది క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అట్లాంటిది భుజాన వేసుకుని మండపంలోకి నడిస్తే మేళగాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఇంజినీర్లంతా కలిసి ఆ మర్యాదను గ్రాము గ్రాముగా తగ్గించుకుంటూ వచ్చారు. దీన్ని అభివృద్ధి అనడానికి మా అధ్యక్షుడు ఒప్పుకోలేదు.

తర్వాత టౌన్లో ఒక అంగడికి వెళ్లాం. అంగడాయన కెమెరా బల్ల మీద పెట్టి, "20 మెగాపిక్సెల్స్, సామీ" అన్నాడు. చిన్నాయన పెదవి విరిచాడు. "24 లేదా?"

"ఉంది సామీ."

"అంతకంటే పైన?"

ఆయన నిచ్చెన కోసం చూస్తుండగా పిల్ల అడ్డం పడింది. ఆల్బమ్‌లో పెట్టే 6×4 ఫోటోకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 ఇంటూ 1200, అంటే 21.6 లక్షల చుక్కలు చాలట. అంటే రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర నిండా ఉండేవీ దాదాపు అన్నే. మిగతావి పెద్ద ప్రింటు వేయించుకున్నప్పుడో, ఒక మూల కత్తిరించుకోవాల్సి వచ్చినప్పుడో పనికొస్తాయి. చిన్నాయన అంతా విని, "ఉండనీలే పాపా, దుడ్డు ఇచ్చేది మనమే కదా, మిగిలితే ఇంట్లో ఉంటాయి" అన్నాడు. తీర్మానం నెగ్గింది.

ఆ చుక్కలన్నీ కూర్చునే పీట, అదే సెన్సర్, ఎంతుందని మాత్రం ఎవరూ అడగలేదు. మామూలు చిన్న కెమెరాల్లో అది సుమారు 6.2 మిల్లీమీటర్లు బై 4.6, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. దాని మీద 20 మెగాపిక్సెల్స్ కూర్చుంటాయి. చుక్క చిన్నదయ్యేకొద్దీ దాని మీద పడే వెలుతురు తగ్గుతుంది, చీకటి పడితే ఫోటోలో రవ్వ పోసినట్టు గరుకు కనపడేది అందుకే. ఖరీదైన జేబు కెమెరాల్లో "1 అంగుళం" సెన్సర్ అంటారు. కొలిస్తే 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. ఏ మూల నుంచి ఏ మూలకు టేపు పెట్టినా అంగుళం రాదు, 16 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పాత టీవీ కెమెరాల్లోని గాజు గొట్టాల లావు కొలతను ఇప్పటికీ మోస్తున్నారు, అంతే. నెల్లూరి అంకణం వేరు, తిరుపతి అంకణం వేరు అని ఒప్పుకుని ప్లాట్లు రిజిస్ట్రేషన్ చేసుకుంటున్న మనకు అంగుళం కాని అంగుళం ఒక లెక్కా! అయితే చిన్నదానికీ ఈ అంగుళందానికీ వైశాల్యంలో నాలుగు రెట్ల తేడా ఉంది, ధరలోనూ ఆ తేడా నిజాయితీగా కనపడుతుంది.

కార్యదర్శిగా నాకు ఇక్కడ ఒక సొంత అభిప్రాయం ఉంది, మినిట్స్‌లో రాయలేదు. చిన్న సెన్సర్ ఉన్న చౌక కెమెరా ఫోటో నాణ్యతలో మంచి ఫోన్‌ను కొట్టడం కష్టం. అది గెలిచేది నిజమైన జూమ్‌లో, నిజమైన ఫ్లాష్‌లో, ఫోటో తీస్తుండగా లోను కావాలా సార్ అని ఎవరూ ఫోన్ చేయకపోవడంలో.

జూమ్ పరీక్ష మా మిద్దె మీద జరిగింది. తిరుపతిలో ఎవరు కెమెరా కొన్నా మొదటి రాత్రి చేసే పని ఒకటే. మిద్దెక్కి కొండ వైపు తిరిగి, గాలిగోపురం దగ్గర వెలిగే నామం వస్తుందా రాదా అని చూడటం. చిన్నాయన మీట లాగాడు. లెన్సు గుర్రుమంటూ ముందుకొచ్చింది, తెర మీద పసుపు చట్రం ఒకటి అటూ ఇటూ వెతుక్కుంది, చివరికి విసిగిపోయి ఆకుపచ్చగా మారింది. లెన్సు లోపలి అద్దాలు కదిలి దగ్గరికి తెచ్చేదే అసలు జూమ్. అది అయిపోయాక ఇంకా లాగితే వచ్చేది డిజిటల్ జూమ్, అంటే ఉన్న ఫోటోనే కోసి సాగదీయడం. చిన్నాయన సాగినంత దూరం సాగదీశాడు. పైగా జూమ్ లాగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. లెన్సు చుట్టూ 3.3-6.9 లాంటి అంకెలు రాసేది అది చెప్పడానికే, ఈ చివర నుంచి ఆ చివరకు పోయేసరికి వెలుతురు నాలుగో వంతు కూడా మిగలదు. చీకట్లో, చేత్తో పట్టుకుని తీస్తే ఏమొస్తుంది? మూడు వెలుగు మచ్చలొచ్చాయి, అవీ వణుకుతున్నాయి.

"నామమే కదప్పా" అని చిన్నాయన తెరను కళ్లకద్దుకున్నాడు. మేనత్త కూడా కళ్లకద్దుకుంది. పదికి పది మార్కులు పడ్డాయి.

ఇంతలో పిల్ల కెమెరాను పిట్టగోడ మీద పెట్టి, డిజిటల్ జూమ్ తీసేసి, వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓ అంకెను 100కి దించి, నొక్కిన చేతి కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టి మళ్లీ తీసింది. నామం గీతలు గీతలుగా వచ్చింది, కింద కొండ అంచు కూడా కనపడింది. కానీ కెమెరాను చేత్తో పట్టుకోకుండా, బటన్ నొక్కి చేతులు కట్టుకుని నిలబడి తీసినదాన్ని తీసిన ఫోటో అని ఎట్లా అంటాం? అది గోడ తీసిన ఫోటో. లెక్కలోకి తీసుకోలేదు.

మే నెలలో గంగజాతర వచ్చింది, రోజుకో వేషం వేసుకుని గంగమ్మకు మొక్కు తీర్చే మా ఊరి పండుగ. బయటి ఊళ్ల వాళ్లకు తెలియకపోవచ్చు గానీ ఫోటోలు నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఇంకొకటి ఉండదు. బైరాగి వేషం నాడు ఒళ్లంతా తెల్లటి నామం కొమ్ము, బండ వేషం నాడు కుంకుమ ఎరుపు, తోటి వేషం నాడు బొగ్గు నలుపు. అంతా తనే చూసుకునే ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరాకు ఒకటే సిద్ధాంతం, ప్రపంచం మొత్తం మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని. తెల్లటి బైరాగిని చూసి 'ఇంత వెలుతురా' అని బెదిరి మసకబారుస్తుంది. నల్లటి తోటిని చూసి 'ఇంత చీకటా' అని జాలిపడి వెలిసిపోయేలా చేస్తుంది. ఇద్దరూ ఒకే రంగులో బయటికొస్తారు. సమానత్వం అంటే ఇదేనని చిన్నాయన మెచ్చుకున్నాడు. ప్లస్, మైనస్ అని రాసిన బటన్ ఒకటి ఉంటుంది. పిల్ల బైరాగికి ప్లస్ వైపు, తోటికి మైనస్ వైపు జరిపి తెలుపును తెలుపుగా, నలుపును నలుపుగా తెచ్చింది. అంటే కెమెరా చెప్పిన మాట వినలేదు. కొత్తవాళ్లకు ఇంత ఎదురు తిరగడం నేర్పే వస్తువు ఇంటికి మంచిది కాదని మేనత్త తన అసమ్మతిని నమోదు చేయించింది.

ఇంకో లోపం అక్కడే బయటపడింది. పెద్ద కెమెరా ఎత్తితే వేషం వేసుకున్నవాళ్లు ఆగుతారు, ఛాతీ విరుస్తారు, సరిగ్గా కెమెరాలోకి చూస్తారు. ఈ చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చిన్నాయనను ఆచారం ప్రకారం నాలుగు బూతులు తిట్టిన బైరాగి కుర్రాడే, కాసేపటికి అంగడి నీడలో నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. గ్లాసు తగిలిన చోట పెదవి మీది తెల్లపూత చెరిగి, కింద నల్లటి లేత మీసం బయటపడింది. మెడలో దండ వీపు వైపు తిరిగిపోయింది. పిల్ల మూడడుగుల దూరంలో నిలబడి తీస్తే వాడు తలెత్తి చూడను కూడా లేదు. సంఘం ఆ ఫోటోను తిరస్కరించింది. మనిషి కెమెరా వైపు చూడలేదు, నవ్వలేదు, పైగా మజ్జిగ.

ఫ్లాష్ సంగతి చెప్పి పెద్దగా లాభం లేదు. ఈ సైజు కెమెరా ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పోవడం గగనం. రాత్రి ఊరేగింపు వీధి చివర ఉండగా మనవాళ్లంతా ఫ్లాష్ కొట్టారు. ముందున్నాయన బట్టతల ధగధగలాడింది, అమ్మవారి ఊరేగింపు చీకట్లోనే ఉండిపోయింది.

ఇక కొండ మీద పరీక్షకు అవకాశమే లేదు. శ్రీవారి దర్శనం క్యూలోకి పోయేముందు ఫోన్లు, కెమెరాలు అన్నీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాల్సిందే. పెద్ద కెమెరాకూ చిన్న కెమెరాకూ ఒకే రకం రసీదు ఇస్తారని తెలిసి చిన్నాయన కాస్త నొచ్చుకున్నాడు.

తుది నివేదికలో సంఘం తేల్చింది ఇది. ఫోటోల విషయంలో అభ్యంతరం లేదు. మర్యాద విషయంలో తీవ్ర లోటు ఉంది. కెమెరా కొనవచ్చు, కానీ దాంతోపాటు పెద్ద కెమెరా బ్యాగు ఒకటి తప్పనిసరిగా కొనాలి. జేబులో పడుతుందని కొన్న కెమెరాకు బ్యాగెందుకు మామా అని పిల్ల నన్నడిగింది. నేను నివేదికలోని సంబంధిత పేరా చూపించాను.

రెండు లెన్సులు, మూడు ఫిల్టర్లు పట్టే నల్ల బ్యాగు వచ్చింది. ఒక మూల కెమెరా పెట్టి, అది దొర్లకుండా చుట్టూ రెండు తువ్వాళ్లు కుక్కి, మిగిలిన అరల్లో నీళ్ల సీసా, పులిహోర పొట్లం సర్దాం. మొన్న శ్రావణంలో ఒక పెళ్లికి ఆ బ్యాగు భుజాన వేసుకుని పిల్ల మండపంలో అడుగు పెట్టిందో లేదో, పెళ్లికూతురి మేనమామ ఎదురొచ్చాడు.

"రండి మేడం. మీ అసిస్టెంట్ ఎక్కడ?"

చిన్నాయన ముందుకొచ్చి, పంచె సర్దుకుని, బ్యాగు అందుకున్నాడు.