మా కొత్తింటి డోర్ నంబరు గారికి

మహారాజశ్రీ డోర్ నంబరు గారికి,

గేటు పక్కన నీలం రేకు మీద వెలిగిపోతున్న తమరికి, ఆ గేటులోనే అద్దెకు దిగిన నేను నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

సామాన్లు దించి నలభై రోజులైంది. పాలు పొంగాయి, గ్యాస్ మారింది, ఆధార్‌లో మీరే ఎక్కారు. ఎటొచ్చీ మా ఇల్లు ఎక్కడుందో మాత్రం బెజవాడలో ఎవరికీ అంతుపట్టడం లేదు.

నేను పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. అక్కడ అడ్రసంటే రెండంకెలే. 'నాలుగు బై ఏడు' అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఎక్కాలు వచ్చిన పిల్లాడెవడైనా ఇల్లు పట్టేస్తాడు. పక్కనే అరండల్‌పేటలోనూ అదే లెక్క. ఆ గర్వంతోనే కృష్ణ దాటి వచ్చాను.

మీరేమో మూడంకెలు, రెండు అడ్డగీతలు, ఒక బై, చివర ఒక ఏ. పూర్తిగా చదవాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. మీ జాతకం వాకబు చేశాను. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు బై పడింది, పైన వాటా వేసినప్పుడు ఏ తగిలింది. మా ఓనరుగారింటి ఆస్తి తగాదా అంతా మీ తోకలోనే ఉందన్నమాట. బాగానే ఉంది. కానీ మీ తర్వాతి అంకె రెండు వీధుల అవతల కిళ్ళీకొట్టు మీద కనిపించిందేంటండీ? మీ మధ్య కూడా మాటల్లేవా?

మంచం తెచ్చిన ట్రాలీ ఆటో అబ్బాయికి ఫోన్లో మిమ్మల్ని అడ్డగీతలతో సహా చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"అది సరే సార్, దగ్గర్లో ఏముంది? ఏలూరు కాలవకి ఇవతలా, అవతలా?"

కృష్ణ నుంచి బయల్దేరిన ఏలూరు, బందరు, రైవస్ కాలవలు ఈ ఊరిని అరిసెముక్కల్లా కోసిపెట్టాయి. ఎక్కడ నిలబడినా ఏదో ఒకదానికి ఇవతలో అవతలో ఉంటాం. ఎవరికి ఇవతల అన్నదే తేలదు. ఆ సాయంత్రం అతనొక గట్టున, నేనొక గట్టున నిలబడి, "ఇవతలే ఉన్నానయ్యా" అంటే "నేనూ ఇవతలే సార్" అని అరుచుకున్నాం. మంచం చీకటిపడ్డాక ఇంటికొచ్చింది.

మీరేం చిన్నబుచ్చుకోకండి. బందరు రోడ్డు కాగితాల్లో మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డుకి కారల్ మార్క్స్ పేరు పెట్టారు. ఆటో ఎక్కి "మార్క్స్ రోడ్డుకి పోనీ" అని చూడండి, డ్రైవరు మిమ్మల్నే దారడుగుతాడు. వాళ్ళిద్దరికీ చోటివ్వని నోళ్ళు మీకెక్కడిస్తాయి?

ఇంకో సంగతి చెప్తే బాధపడతారేమో. ఇళ్ళు చూసేటప్పుడు మా ఆవిడ ఏ ఓనర్నీ డోర్ నంబరు అడగలేదు. "బుడమేరు వచ్చిందాండీ ఇక్కడికి?" అనే అడిగింది. 2024 సెప్టెంబరులో ఆ వాగుకి వరదొచ్చిన తర్వాత ఆవిడకి వాస్తు కూడా రెండో ప్రశ్నే. సింగ్ నగర్‌లో చూసిన ఒక ఇంట్లో ఓనరమ్మ మాట్లాడకుండా గోడ మీద, తన భుజం ఎత్తున, చెయ్యి పెట్టి చూపించింది. కొత్త రంగు కింద నీటి గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి తీసేదాకా మేం కూడా ఏం మాట్లాడలేదు.

మా సంగతికొస్తే, మొదట్లో మాది 'పచ్చగేటు ఇల్లు'. అందరికీ నోరు తిరిగే వేళకి ఓనరుగారు గేటుకి ఎర్రరంగు వేయించారు. వాటర్ టిన్ అబ్బాయి ఫోన్లో నా పేరు 'సందు చివర కుక్క'. అదేంటి బాబూ అంటే, "కుక్క ఎదురింటోళ్ళది సార్, మీరు గుర్తుకు రావాలని" అన్నాడు.

మొన్న ఆదివారం పై వాటా పిన్నిగారు బాల్కనీలోంచి చుట్టాలకి దారి చెబుతున్నారు. మిమ్మల్నే చెబుతారేమోనని చెవి అటు వేశాను.

"ఇడ్లీబండి పక్క సందులోకి వచ్చేయండి వదినా. ఆ, గుంటూరోళ్ళ పైనే."

బ్యాంకువాళ్ళు అడిగినప్పుడు మిమ్మల్ని తప్పక తలుచుకుంటాను.

ఇట్లు,
గుంటూరోళ్ళు,
కాలవకి ఇవతల.