సవరణ: 1829 చట్టం, ఐర్లండ్ క్యాథలిక్కుల ఓటు హక్కు

ఐర్లండ్‌లో క్యాథలిక్కులకు ఓటు హక్కు 1829 నాటి క్యాథలిక్ విమోచన చట్టంతో లభించిందని మునుపటి టపాలో ఉన్న వాక్యాన్ని సవరించి చదువుకోవాలి. 1728లో పోయిన ఆ హక్కును డబ్లిన్‌లోని అప్పటి ఐర్లండ్ పార్లమెంటు 1793లోనే తిరిగి ఇచ్చింది. దాంతో ఏడాదికి 40 షిల్లింగుల (2 పౌండ్ల) విలువ చేసే భూమిపై హక్కున్న క్యాథలిక్ రైతులు కూడా జిల్లా ఎన్నికలలో ఓటు వేయసాగారు. అయితే పార్లమెంటులో కూర్చోవడానికి చేయవలసిన ప్రమాణం క్యాథలిక్ విశ్వాసాన్ని ఖండించేదిగా ఉండటంతో, ఓటు వేయగలిగినవారు సభ్యులు మాత్రం కాలేకపోయారు.

1828లో ఐర్లండ్‌లోని క్లేర్ జిల్లా నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు జరిగిన ఉపఎన్నికలో క్యాథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను గెలిపించినది, భూస్వాముల మాటను కాదన్న ఆ చిన్న రైతులే. ఆ గెలుపు తరువాత అంతర్యుద్ధం వస్తుందన్న భయంతో బ్రిటిష్ ప్రధాని వెల్లింగ్టన్, హోం మంత్రి పీల్ దిగివచ్చి 1829 ఏప్రిల్‌లో విమోచన చట్టంతో క్యాథలిక్కులకు పార్లమెంటు సభ్యత్వానికీ, చాలా ఉన్నత పదవులకూ దారి తెరిచారు. కానీ అదే సమయంలో చేసిన మరో చట్టం ఐర్లండ్ జిల్లాలలో ఓటు అర్హతను 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు, అంటే ఐదు రెట్లు పెంచడంతో, రెండు లక్షలకు పైగా ఉన్న ఓటర్లు 40 వేల లోపుకు పడిపోయారు. విమోచన ఫలం ముందుగా అందినది న్యాయవాదులకూ, సంపన్నులకూ. దానిని సాధించిపెట్టిన రైతులలో అత్యధికులు ఉన్న ఓటును కూడా పోగొట్టుకున్నారు. ఈ బేరానికి ఓకానెల్ చివరకు తలవంచడం ఆయన కీర్తికి మచ్చ అనే నా అభిప్రాయం.

ఐర్లండ్‌లో అధికార మతసంస్థగా ఆంగ్లికన్ (ప్రొటెస్టంట్) చర్చి హోదా కూడా 1829లో రద్దు కాలేదు. 1869 చట్టం 1871 జనవరి 1న అమలులోకి వచ్చాకే అది ముగిసింది.